ఆల్‌టైమ్ అంటే ఎవరి టైమ్?

(పుదుచ్చేరి పట్టణంలో తెలుగు విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యానాం నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న పిల్లలు, జిప్‌మర్‌లో పనిచేసే అక్కలు, యూనివర్సిటీ తమ్ముళ్ళు, ఇంట్లో తెలుగు వీధిలో తమిళం మాట్లాడే ఇక్కడి పెద్దలు, అందరూ వచ్చారు. నన్ను పిలిచినప్పుడు రాజ్యాంగం గురించో స్కాలర్‌షిప్‌ల గురించో మాట్లాడమంటారనుకున్నాను. "కాదన్నా, ఈసారి క్రికెట్" అన్నారు. హాస్టల్లో నెల రోజులుగా గొడవట. ఫాస్ట్ బౌలర్లలో ఆల్‌టైమ్ గ్రేట్ అని ఎవర్ని అనాలి, దేన్ని బట్టి అనాలి అని. ఒక గదివాళ్ళు మెక్‌గ్రా అంటారట. పక్క గదివాళ్ళు వసీం అక్రమ్ అంటారట. బుమ్రా పేరెత్తితే ఇంకో పదేళ్ళు ఆగమంటారట. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక తమ్ముడు మాత్రం మా సిరాజ్ సంగతేంటని పట్టుబట్టి కూర్చున్నాడట. పంచాయితీ తీర్చమని నన్ను పిలిచారు.

తీరుస్తాను. పేరు కూడా చెప్తాను, తప్పించుకోను. అయితే పేరుకన్నా ముందు కొలత చూడాలి. మన వాడల్లో పెరిగినవాళ్ళకి ఈ మాట ఎవరూ నేర్పక్కర్లేదు. కోతలయ్యాక కూలి గింజలు కొలిచేటప్పుడు మన అమ్మలు గింజల రాశి వైపు చూసేవాళ్ళు కాదు. కుంచం వైపు చూసేవాళ్ళు.

మొదటి కుంచం అందరికీ తెలిసిందే. మొత్తం వికెట్లు ఎన్ని? జేమ్స్ ఆండర్సన్ 704. టెస్టుల్లో ఫాస్ట్ బౌలర్లలో అదే అత్యధికం. 188 టెస్టులు ఆడాడు, 41 ఏళ్ళ దాకా ఆడాడు. మన కపిల్ దేవ్ 131 టెస్టుల్లో 434. వెస్టిండీస్ మాల్కమ్ మార్షల్ 81 టెస్టుల్లో 376. మొత్తం ఒక్కటే చూస్తే మార్షల్ ఎక్కడో కిందికి పోతాడు. అంటే ఈ అంకె ముఖ్యంగా చెప్పేది ఒంట్లో ఓపిక ఎన్నాళ్ళుంది, బోర్డు ఎన్ని మ్యాచ్‌లు పెట్టింది అని. ఆ వయసు దాకా పరుగెత్తి బంతి వేయడం చిన్న విషయం కాదు, ఆండర్సన్‌ని తక్కువ చేయడం లేదు. కానీ ఎక్కువ కాలం చేసినవాడే గొప్పవాడైతే ఆఫీసులో సీనియారిటీ లిస్టు చాలు, మనం వాదించుకోవడం దేనికి?

రెండోది సగటు. ఒక్కో వికెట్‌కి ఎన్ని పరుగులిచ్చాడు అని. మార్షల్ 20.94, గార్నర్ 20.97, అంబ్రోస్ 20.99. చూశారా, ముగ్గురు కరీబియన్లు వెంట్రుకవాసి తేడాలో. తర్వాత మెక్‌గ్రా 21.64, హ్యాడ్లీ 22.29, స్టెయిన్ 22.95, అక్రమ్ 23.62, లిల్లీ 23.92. ఆండర్సన్ 26.45. కపిల్ 29.64. ఈ కొలత మొదటిదానికన్నా నయం. కానీ ఇదీ సగం మాటే చెప్తుంది. 1901 నుంచి 1914 దాకా ఇంగ్లండ్‌కి ఆడిన సిడ్నీ బార్న్స్ 27 టెస్టుల్లో 189 వికెట్లు తీశాడు, సగటు 16.43. వాన పడితే తడిసి, ఎండ కాస్తే పగిలే పిచ్‌ల రోజులవి. కపిల్ 29.64లో ఇంకో కథ ఉంది. స్పిన్‌కి చేసిన మన మైదానాల్లో, అవతలి ఎండ్ నుంచి తనతో సమానమైన వేగం లేకుండా, ఏళ్ళ తరబడి ఒక్కడే లాగాడు. 29.64 అని రాసినప్పుడు ఆ అవతలి ఎండ్ కనపడదు.

మూడోది, ఎక్కడెక్కడ తీశాడు. డెన్నిస్ లిల్లీ పేరు లేకుండా ఎవరూ జాబితా రాయరు. 70 టెస్టుల్లో 355. కానీ ఆసియాలో ఆయన ఆడినవి నాలుగే టెస్టులు, తీసినవి ఆరు వికెట్లు. ఇండియాలో ఒక్క టెస్టూ ఆడలేదు. ఇదే మన వాళ్ళయితే "ఇంట్లో పులి, బయట పిల్లి" అనేవారు. లిల్లీని ఎవరూ అనరు. గొప్ప బౌలరే, సందేహం లేదు. కానీ కుంచం అందరికీ ఒకటే ఉండాలి కదా.

నాలుగోది నా సొంతం. పుస్తకాల్లో ఉండదు. మధ్యాహ్నం దాటాక, బంతి అరిగిపోయి గుడ్డపీలికలా అయ్యాక, పిచ్ చచ్చిపోయాక, మూడో స్పెల్‌కి కెప్టెన్ ఎవరి వైపు చూస్తాడు? ఆ మూడో స్పెల్‌లో వాడి దగ్గర ఇంకా ఏముంది? కొత్త బంతితో చాలామంది గొప్పవాళ్ళే.

ఈ నాలుగూ పెట్టి చూస్తే నా పేరు మార్షల్. ఎత్తు ఆరడుగులు కూడా లేదు. గార్నర్, అంబ్రోస్ పక్కన నిలబడితే చిన్నపిల్లాడిలా ఉండేవాడు. 1983–84లో మన దేశానికొచ్చి, మన పిచ్‌ల మీద, ఆరు టెస్టుల్లో 33 వికెట్లు తీశాడు. కాన్పూర్‌లో అతని బంతికి గావస్కర్ చేతిలోంచి బ్యాట్ ఎగిరిపడింది. 1984లో లీడ్స్‌లో ఎడమ బొటనవేలు విరిగితే కట్టు కట్టించుకుని, ఒంటి చేత్తో బ్యాటింగ్‌కి వచ్చాడు. తర్వాత బంతి తీసుకుని 53 పరుగులకు ఏడు వికెట్లు. వేగం కాస్త తగ్గాక లెగ్‌కట్టర్‌కి పదును పెట్టాడు. రెండు వైపులా స్వింగ్ చేశాడు. 41 ఏళ్ళకే, 1999లో, క్యాన్సర్‌తో పోయాడు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఆ వెస్టిండీస్ బౌలర్ల గురించి ఇంగ్లండ్, ఆస్ట్రేలియా పత్రికల్లో ఎలా రాసేవారో తెలుసా? పుట్టుకతో వచ్చిన బలం అని, సహజమైన ఒడుపు అని. తెల్లవాడు వికెట్ తీస్తే బుర్ర, నల్లవాడు తీస్తే కండ. మన దగ్గరా ఉంది ఈ రోగం. "మీ వాళ్ళకి బలం ఎక్కువండీ, ఫాస్ట్ బౌలింగ్‌కి బాగా పనికొస్తారు" అని మెచ్చుకునేవాళ్ళు నాకు తగిలారు. ఆ మెప్పుని నమ్మొద్దు. ఫలానా కులంలో పుడితే ఫలానా పని బాగా చేస్తారని చెప్పేవాడు, పొగడ్తగా చెప్పినా, మనువు చెప్పిందే చెప్తున్నాడు. మార్షల్ బ్యాట్స్‌మన్ కాళ్ళ కదలిక చూసి, వాడి బలహీనత పట్టి, మూడు ఓవర్ల ముందే ఉచ్చు పన్నేవాడు. అది చదువు. బోర్డు మీద లెక్క చేసినంత చదువు.

బుమ్రా సంగతి. పదేళ్ళు ఆగక్కర్లేదు. 2024–25లో ఆస్ట్రేలియాలో ఐదు టెస్టుల్లో 32 వికెట్లు, సగటు 13.06. ఆ సిరీస్‌లోనే మెల్‌బోర్న్‌లో 200 వికెట్లు దాటాడు. 200 వికెట్లకి చేరేసరికి సగటు ఇరవై లోపు ఉన్న బౌలర్ టెస్టుల చరిత్రలో అంతకుముందు లేడు. ఒళ్ళు సహకరించక ఆటలు వదులుకుంటున్నాడు, నిజమే. ఆడిన ఆట చాలు, జాబితాలో ఉంటాడు. ఆగమన్న గదివాళ్ళు ఓడిపోయారు.

ఇక సిరాజ్. తమ్ముడూ, ఎక్కడ కూర్చున్నావో గానీ విను. ఆల్‌టైమ్ జాబితాలో సిరాజ్ ఇప్పటికి లేడు. సగటు చూస్తే నీకే తెలుస్తుంది. కానీ నా నాలుగో కుంచంలో మాత్రం నిండుగా ఉన్నాడు. 2025లో ఇంగ్లండ్‌లో ఐదుకి ఐదు టెస్టులూ ఆడి 185 ఓవర్ల 3 బంతులు వేశాడు. అంటే 1,113 బంతులు. 23 వికెట్లు. చివరి రోజు ఓవల్‌లో ఇంగ్లండ్‌కి కావాల్సింది 35 పరుగులు, చేతిలో నాలుగు వికెట్లు. ముందురోజు హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు మీద కాలు పెట్టినవాడూ సిరాజే. దేశం మొత్తం తిట్టింది. మర్నాడు పొద్దున మళ్ళీ పరుగెత్తుకొచ్చాడు. యార్కర్‌తో ఆఖరి వికెట్ పడగొట్టాడు, ఆరు పరుగులతో గెలిచాం. హైదరాబాద్‌లో ఆటో నడిపిన మహమ్మద్ గౌస్ కొడుకు. తండ్రి పోయినప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. అంత్యక్రియలకు రాలేదు, ఉండిపోయి ఆడాడు. ఆ టూర్లోనే సిడ్నీలో ప్రేక్షకులు జాతి పేరుతో తిడితే అంపైర్ దగ్గరికి వెళ్ళి ఆట ఆపించాడు. ఆ తర్వాతి టెస్టులో, బ్రిస్బేన్‌లో, ఒక ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు.

ఇక్కడిదాకా మామూలు వాదన. ఎవరితోనైనా చేయొచ్చు. ఇప్పుడు మన ఊరి సంగతికొస్తాను.

ఈ పుదుచ్చేరిలో పెటాంక్ ఆడినంత కాలం క్రికెట్ ఆడలేదు. ఫ్రెంచివాళ్ళ ఊరు కదా. మన ప్రాంతం రంజీ ట్రోఫీలో అడుగుపెట్టింది 2018–19లో. ఊరవతల తుత్తిపట్టులో మైదానం ఉంది, కొందరు చూసే ఉంటారు. కొత్త జట్టు కాబట్టి బయటి రాష్ట్రాల పెద్దవాళ్ళని తెచ్చుకున్నారు. మొదటి సీజన్‌లో రాజస్థాన్ నుంచి పంకజ్ సింగ్ వచ్చాడు. ఆ మరుసటి సీజన్‌లో కర్ణాటక నుంచి వినయ్ కుమార్ వచ్చాడు. ఎంతమంది గమనించారో తెలియదు గానీ, రంజీ చరిత్రలోనే బాగా ఎక్కువ వికెట్లు తీసిన ఇద్దరు ఫాస్ట్ బౌలర్లు తమ చివరి రోజుల్లో ఈ ఊరి పేరు మీద బంతి వేశారు.

వినయ్ కుమార్ దావణగెరెలో ఆటో నడిపే మనిషి కొడుకు. ఆట మానేసేనాటికి రంజీలో 442 వికెట్లు. అప్పటికి ఏ ఫాస్ట్ బౌలరూ అన్ని తీయలేదు. దేశానికి ఆడిన టెస్టులు ఎన్ని? ఒకటి. 2012లో పెర్త్‌లో. 13 ఓవర్లు వేసి ఒక వికెట్ తీశాడు. అంతే, తలుపు మూసేశారు.

పంకజ్ సింగ్ ఫస్ట్‌క్లాస్‌లో 472 వికెట్లు తీశాడు. 2014లో సౌతాంప్టన్‌లో మొదటి టెస్టు. 29 ఏళ్ళొచ్చాక పిలిచారు. మొదటిరోజు అలిస్టర్ కుక్ 15 పరుగుల మీద ఉండగా పంకజ్ బంతికి ఎడ్జ్ ఇచ్చాడు. స్లిప్‌లో క్యాచ్ జారిపోయింది. కుక్ 95 చేశాడు. పంకజ్ రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 179 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేదని రికార్డులో ఉంది. తొలి టెస్టులో వికెట్ లేకుండా అన్ని పరుగులిచ్చినవాళ్ళు లేరని ఇప్పటికీ క్విజ్ పోటీల్లో అడుగుతారు. తర్వాత ఇంకో టెస్టు ఆడాడు, రెండు వికెట్లు. అక్కడితో ఆఖరు. టెస్టు సగటు 146. పుస్తకం తెరిస్తే 146 అని ఉంటుంది. జారిన క్యాచ్ ఉండదు.

నేను వీళ్ళిద్దరూ ఆల్‌టైమ్ గ్రేట్‌లు అనడం లేదు. వాళ్ళ కులాల గురించీ మాట్లాడటం లేదు. బంతి ఎన్నిసార్లు చేతికిచ్చారు అన్నది లెక్కలో లేకుండా గొప్పతనం లెక్క పూర్తికాదు అంటున్నాను. మార్షల్‌కి కూడా మొదట్లోనే వికెట్లు రాలిపడలేదు. మొదటి మూడు టెస్టుల్లో మూడే వికెట్లు. అప్పుడే తలుపు మూసి ఉంటే 376 ఎక్కడివి?

మన దేశంలో ఈ బంతి చేతికిచ్చే కథ చాలా పాతది. పల్వంకర్ బాలూ గురించి మీలో చాలామంది చదివారు. చమార్ కులంలో పుట్టాడు. ఫాస్ట్ బౌలర్ కాదు, ఎడమచేతి స్పిన్నర్. అయినా ఈ సభలో ఆయన పేరు రాకుండా ఎలా? పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బులో పిచ్ చదును చేసేవాడు, వల కట్టేవాడు. కెప్టెన్ గ్రెగ్ అనే దొరకి నెట్స్‌లో గంటల తరబడి బంతి వేసేవాడు. ఔట్ చేసిన ప్రతిసారీ దొర ఎనిమిది అణాలు ఇచ్చేవాడని ఒక కథ ఉంది. అది నిజమైనా కాకపోయినా, ఆ నెట్స్ వికెట్లు ఏ పుస్తకంలోనూ లేవు. తర్వాత హిందూ జట్టులోకి తీసుకున్నారు, బౌలింగ్ కావాలి కదా. టీ విరామంలో మాత్రం ఆయనకి బయట, వాడి పారేసే మట్టి ముంతలో పోశారు. 1911లో ఇంగ్లండ్ వెళ్ళి 114 వికెట్లు, సగటు 18.84. కెప్టెన్సీ మాత్రం ఇవ్వలేదు. కుర్రవాడుగా ఉన్న అంబేద్కర్ ఆయన్ని చూసి గర్వపడ్డాడు. తర్వాత 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ ఇదే బాలూని బాబాసాహెబ్ మీదే నిలబెట్టింది, బాలూ ఓడిపోయాడు. రాజకీయంగా ఆయన దారి మన దారి కాదు. ఆ సంగతి దాచాల్సిన పని లేదు, ఆయన బౌలింగ్‌ని తగ్గించాల్సిన పనీ లేదు.

నెట్స్ అన్నాను కాబట్టి నా సంగతి ఒక ముక్క. నేనూ ఒకప్పుడు బంతి వేసేవాణ్ణి. మీడియం పేస్. ఒక ఊళ్ళో ఒక క్లబ్బు, పేరు అనవసరం. మూడేళ్ళు సాయంత్రాలు వాళ్ళ బ్యాట్స్‌మెన్‌కి నెట్స్‌లో వేశాను. ఆదివారం మ్యాచ్‌కి మాత్రం పేరు ఉండేది కాదు. అడిగితే నీకు బ్యాటింగ్ రాదు కదా అనేవారు. ప్యాడ్లు కట్టనిస్తే కదా వచ్చేది. నెట్స్‌లో కొత్త బంతి క్లబ్బు కుర్రాళ్ళకి, అరిగిన బంతి నాలాంటివాళ్ళకి. అందుకే ఇప్పటికీ నాకు రివర్స్ స్వింగ్ అంటే కాస్త పక్షపాతం. వసీం అక్రమ్ గదివాళ్ళు సంతోషించండి.

మన హైదరాబాద్‌కి దేవరాజ్ గోవిందరాజ్ అనే ఫాస్ట్ బౌలర్ ఉండేవాడు. 1971లో వెస్టిండీస్ వెళ్ళాడు, ఇంగ్లండ్ వెళ్ళాడు. రెండు చోట్లా మనం సిరీస్ గెలిచాం, చరిత్ర సృష్టించాం అని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ రెండు టూర్లలోనూ గోవిందరాజ్‌కి ఒక్క టెస్టూ దక్కలేదు, ఆ తర్వాత కూడా దక్కలేదు. బేడీ, ప్రసన్న, వెంకట్, చంద్ర ఉన్న రోజులు. కొత్త బంతిని స్పిన్నర్ల కోసం నేలకేసి రుద్దే రోజులు. ఆ నిర్ణయంతో గెలిచారు కాబట్టి తప్పనడం కష్టం. కానీ ఒక ఫాస్ట్ బౌలర్ జీవితకాలమంతా బెంచీ మీద అయిపోయింది, అదీ నిజమే.

2018లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం వచ్చింది. అప్పటిదాకా మన దేశానికి టెస్టులాడిన పురుషులు దాదాపు 290 మంది. వాళ్ళలో దళితులుగా తెలిసినవాళ్ళు నలుగురే అని అందులో రాశారు. ఆ మాట అంటే చాలు, "క్రికెట్‌లో కూడా రిజర్వేషనా? మెరిట్ ఏమైపోవాలి?" అని మన మీద పడతారు. మెరిట్ గురించి మాట్లాడదామనే ఇంతసేపూ అంకెలు చెప్పింది.

దక్షిణాఫ్రికా వెళ్దాం. మైక్ ప్రాక్టర్ అని ఒక ఫాస్ట్ బౌలర్. ఏడు టెస్టుల్లో 41 వికెట్లు, సగటు 15.02. వర్ణవివక్ష కారణంగా 1970లో ఆ దేశాన్ని బహిష్కరించారు, ఆయన టెస్టులు ఏడుతో ఆగిపోయాయి. మంచివాడే. జట్టులో నల్లవాళ్ళకి చోటు ఉండాలని 1971లో కేప్‌టౌన్‌లో మైదానం వదిలి నడిచిన ఆటగాళ్ళలో ఆయనా ఉన్నాడు. ఆల్‌టైమ్ గ్రేట్‌ల మీద రాసే ప్రతివాళ్ళూ ప్రాక్టర్ దగ్గర ఒక నిట్టూర్పు విడుస్తారు. ఆడనిచ్చి ఉంటేనా, ఎన్ని వందలు తీసేవాడో అని. న్యాయమే.

మరి క్రోమ్ హెండ్రిక్స్ దగ్గర ఎవరు నిట్టూర్చారు? అదే కేప్‌టౌన్. 1892లో ఇంగ్లండ్ జట్టు వస్తే మలయ్ జట్టు తరఫున వాళ్ళ మీద బంతి వేశాడు. తాము చూసిన వేగవంతమైన బౌలర్లలో ఒకడని ఆ ఇంగ్లండ్ ఆటగాళ్ళే అన్నారు. 1894లో దక్షిణాఫ్రికా మొదటిసారి ఇంగ్లండ్ టూర్‌కి బయల్దేరింది. హెండ్రిక్స్ పేరు పరిశీలనకొచ్చింది. కేప్ ప్రధాని సెసిల్ రోడ్స్, ఆయన మనుషులు ఒప్పుకోలేదు. సామాన్లు మోసేవాడి పేరుతో తీసుకెళ్దామని ఒక రాజీ ప్రతిపాదన వచ్చింది. హెండ్రిక్స్ ఆ షరతుకి ఒప్పుకోలేదు. ప్రాక్టర్‌కి ఏడు టెస్టులు తక్కువయ్యాయని బాధపడే లోకానికి హెండ్రిక్స్‌కి ఒక్కటీ లేదని గుర్తు లేదు. "ఆడి ఉంటేనా" అనే ఊహ కూడా అందరికీ ఒకేలా అందదు. తెల్లవాడి ఖాళీ కనపడుతుంది. నల్లవాడి ఖాళీ కనపడదు.

అదే దేశంలో మఖాయా ఎన్తిని. చిన్నప్పుడు పశువులు కాసినవాడు. 101 టెస్టులు, 390 వికెట్లు, అంటే ఇచ్చిన బంతిని ఏం చేశాడో లెక్క ఉంది. కానీ 2020లో ఆయన చెప్పింది విన్నారా? భోజనాల దగ్గర తన పక్కన ఎవరూ కూర్చునేవారు కాదని. బస్సులో ఆ ఒంటరితనం భరించలేక బ్యాగు డ్రైవర్‌కిచ్చి హోటల్ నుంచి స్టేడియానికి పరుగెత్తేవాణ్ణని. ఎంత ఫిట్‌నెస్ అని అందరూ మెచ్చుకున్నారట. హాస్టల్ మెస్‌లో ఒంటరిగా కూర్చున్నవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. వాళ్ళకి నేను వివరించక్కర్లేదు.

ఆస్ట్రేలియాలో ఎడ్డీ గిల్బర్ట్. ఆదివాసీ. క్వీన్స్‌లాండ్‌లో ప్రభుత్వం ఆదివాసుల్ని ఉంచిన సెటిల్‌మెంట్‌లో పెరిగాడు. మ్యాచ్ ఆడటానికి బయటికి రావాలంటే అధికారి అనుమతి కావాలి. 1931 నవంబర్‌లో బ్రిస్బేన్‌లో, నాలుగైదు అడుగుల పరుగుతో వచ్చి, డాన్ బ్రాడ్‌మన్‌ని సున్నాకి ఔట్ చేశాడు. తన జీవితంలో అంత వేగం చూడలేదని బ్రాడ్‌మన్ తర్వాత ఒప్పుకున్నాడు. ఆ నెల దాటగానే మెల్‌బోర్న్‌లో అంపైర్ అతను బంతి విసురుతున్నాడని పదే పదే నోబాల్ పిలిచాడు. 23 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, 87 వికెట్లు. టెస్టులు లేవు. అదే మెల్‌బోర్న్‌లో 2021లో ఆదివాసీ మూలాలున్న స్కాట్ బోలాండ్ తన మొదటి టెస్టులో ఏడు పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశాడు. ఆ రెంటి మధ్య తొంభై ఏళ్ళు.

ఇప్పుడు మీరు అడగొచ్చు, అయితే గిల్బర్ట్‌నీ హెండ్రిక్స్‌నీ మీ జాబితాలో పెడతారా అని. పెట్టను. ఆడని ఆటకి మార్కులు వేయలేను. జాలితో చోటిస్తే అది వాళ్ళకీ గౌరవం కాదు. మార్షల్ పక్కన కూర్చోవాలంటే మార్షల్ చేసిన పని చేసి ఉండాలి. నా అభ్యంతరం జాబితా మీద కాదు, దాని పేరు మీద. ఆల్‌టైమ్ అనకండి. బంతి చేతికి అందినవాళ్ళలో గ్రేట్ అనండి. అప్పుడు ఎవరికీ పేచీ ఉండదు.

ఆడపిల్లలు అక్కడ వెనక నవ్వుకుంటున్నారు, ఇంతసేపు ఒక్క అమ్మాయి పేరూ రాలేదని. నిజమే, ఇప్పుడొస్తుంది. ఝులన్ గోస్వామి. వన్డేల్లో 255 వికెట్లు, ప్రపంచంలో ఏ మహిళా బౌలరూ అన్ని తీయలేదు. 2002 నుంచి 2022 దాకా ఇరవై ఏళ్ళు ఆడింది. ఆ ఇరవై ఏళ్ళలో ఆమెకి దక్కిన టెస్టులు 12. తీసినవి 44. ఆండర్సన్‌కి 188, ఝులన్‌కి 12. మొదటి కుంచంతో ఆమెని కొలవండి చూద్దాం.

చివరగా ఒక పని ఉంది. లాస్‌పేట మైదానంలో, బీచ్ అవతలి కుప్పాల్లో, యానాంలో మన పేటల్లో, ప్రతి ఆదివారం టెన్నిస్ బంతితో ఆడుతున్నారు. వాళ్ళలో ఎవడో ఒకడు, ఎవతో ఒకతె నిజంగా వేగంగా వేస్తూ ఉండొచ్చు. ఎవరు గెలిచారో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది, సోమవారానికి మర్చిపోతారు. ఎవరెన్ని ఓవర్లు వేశారు, ఎన్ని పరుగులిచ్చారు, ఎవరి బంతికి క్యాచ్ జారింది, ఎవరూ రాయడం లేదు. రేపు ఎవరైనా సెలెక్షన్‌కి వెళ్తే చూపించడానికి ఒక కాగితం లేదు. స్కోరు పుస్తకాలు నేను కొని తెచ్చాను, నాలుగు ఉన్నాయి, బల్ల మీద పెట్టాను. జారిన క్యాచ్‌లకి పక్కన ఒక గడి గీసుకోండి, పుస్తకంలో ఉండదు. వచ్చే ఆదివారం లాస్‌పేటలో పొద్దున ఏడింటికి మ్యాచ్ అన్నారు. రాసేవాళ్ళు ఇద్దరు కావాలి. ఎవరొస్తారు? వెనక నవ్విన అమ్మాయిలూ, మీరు రండి.